తువ్వాలు కింద మూడో చెయ్యి

మామిడి సీజను మొదలైందంటే శేషగిరిరావు రోజు ఆయన చేతిలో ఉండదు, కాయల చేతిలో ఉంటుంది. ఐదున్నరకి లేస్తాడు. భార్య రేవతి ఇచ్చిన కాఫీ తాగి, ఇంకొంచెం మిగిలిందేమోనని గిన్నెలోకి తొంగిచూసి, మిగల్లేదని నిట్టూరుస్తాడు. దండెం మీది ఎర్ర గళ్ళ తువ్వాలు తీసి భుజాన వేసుకుంటాడు. ఆరున్నరకల్లా నూజివీడు మామిడి యార్డులో తన కమిషన్ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఉంటాడు. ఆ కుర్చీకి ఒక కాలు వంకర. మార్చమని ఎవరైనా అంటే, "నాకు రెండూ వంకరే, నన్ను మార్చారా?" అంటాడు.

యార్డులో రేట్లు నోటితో చెప్పుకోరు. అన్ని చెవులున్న చోట నోరు తెరిస్తే నష్టమే. కొనేవాడి చెయ్యీ, రైతు తరఫున అమ్మిపెట్టేవాడి చెయ్యీ తువ్వాలు కిందకి వెళ్తాయి. పైన ఇద్దరూ ఎండల గురించి, పిల్లల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకుంటుంటారు. కింద వేళ్ళు పని చేస్తుంటాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, మూడు పట్టుకుంటే మూడు. అరచెయ్యి మొత్తం పట్టుకుంటే ఐదు. అరచెయ్యి పట్టుకుని వెంటనే మూడు వేళ్ళు పడితే ఎనిమిది. అరచేతిలో గోటితో చుట్టూ గీస్తే సున్న. బేరం కుదిరితే అరచేతి మీద ఒక్క చరుపు, 'తెగింది' అని. కుదరకపోతే చిటికెన వేలు పట్టుకుని మెల్లగా వదిలేస్తారు. 'రేపు చూద్దాం' అని దానర్థం.

అందరి తువ్వాళ్ళ కిందా రెండు చేతులుంటే, శేషగిరిరావు తువ్వాలు కింద మూడుంటాయి. మూడోది వాళ్ళ నాన్న నాగభూషణం గారిది. నాగభూషణం గారు పోయి ఇరవై మూడేళ్ళయింది.

ఆయన ఇదే కొట్టు ముందు, ఇదే తువ్వాలు కింద చెయ్యి పెట్టి, ఒక వ్యాపారితో జి. కొండూరు రైతు తెచ్చిన రసాలు బేరమాడుతూ పోయారు. బేరం కుదర్లేదు. ఆయన ఆ వ్యాపారి చిటికెన వేలు పట్టుకుని 'రేపు చూద్దాం' అన్నారు. వేలు వదలకుండానే పక్కకి ఒరిగిపోయారు. మెదడులో నరం చిట్లిందన్నారు డాక్టర్లు. అప్పటికి ఆయనకి యాభై తొమ్మిది నిండి నాలుగు రోజులు. మనిషిని తీసుకెళ్ళారు కానీ, చెయ్యి తువ్వాలు కిందే ఉండిపోయింది. బేరం తెగకుండా లేచిపోవడం నాగభూషణం గారికి మొదటినుంచీ అలవాటు లేదు.

యార్డులో దీన్ని ఎవరూ పట్టించుకోరు. విజయవాడ నుంచి వచ్చే పళ్ళ వ్యాపారి శ్యామ్ సుందర్ అయితే చెయ్యి లోపల పెట్టేముందు తువ్వాలుకి ఒక నమస్కారం పెడతాడు. "పెద్దయ్యగారూ, నిన్న బాగా పిండేశారు. ఇవాళ కాస్త దయ చూడండి." ఒకసారి కొత్త వ్యాపారి ఒకాయన, "ఒక వైపు ఇద్దరు కూర్చుంటే న్యాయమేనా అండీ?" అని యార్డు పెద్దల దగ్గర పంచాయితీ పెట్టాడు. పెద్దలు పాత కాగితాలు తిరగేసి, నాగభూషణం గారి లైసెన్సు రద్దు చేసిన దాఖలా ఎక్కడా లేదు కాబట్టి ఆయన కూర్చోవచ్చన్నారు. పంచాయితీ అక్కడితో అయిపోయింది.

ఆ చెయ్యి వల్లే తన వ్యాపారం నడుస్తోందని శేషగిరిరావు బాహాటంగానే ఒప్పుకుంటాడు. "నాదేముందండీ, నేను కుర్చీ మోయడానికి పుట్టాను. బుర్ర మా నాన్నది, చెయ్యి మా నాన్నది. అరుగుదల మాత్రం నాది."

ఈ ఏడు మార్చి మొదట్లో, కాయ ఇంకా టెంక కడుతున్న రోజుల్లో, ప్రభుత్వ ఆసుపత్రి నర్సు ప్రసన్న యార్డులో కాటా పక్కన బల్ల వేసుకుని అందరికీ బీపీ చూడటం మొదలుపెట్టింది. లైనులో ముందు నిలబడింది జోజమ్మ. కాయలు సైజులవారీగా ఏరే ఆడవాళ్ళకి ఆవిడే మేస్త్రి.

"నాకు తొమ్మిదేళ్ళ నుంచి ఉందమ్మా," అంది గర్వంగా. "మా మనవడికంటే ఏడాది పెద్దది. రోజూ మాత్రేస్తా, ఆడికి బువ్వెట్టినట్టే."

శేషగిరిరావు కుర్చీలోంచి కదల్లేదు. "నాకెందుకమ్మాయ్ ఇది? నాకు కోపం రాదు. యార్డులో ఎవర్నన్నా అడుగు."

"కోపానికీ దీనికీ ఏంటి బాబాయ్ గారూ?"

"కోపం వస్తే బీపీ లేచిందంటారుగా!"

"అంటారు. అలా అరిచేవాళ్ళకి చాలామందికి నేనే చూశాను, నార్మల్‌గా ఉంది. నవ్వుతా తిరిగేవాళ్ళకి నూట డెబ్బై ఉంది. మనిషి శాంతంగా ఉన్నంత మాత్రాన లోపల నరాలు శాంతంగా ఉన్నట్టు కాదు."

"రండి షావుకారుగారూ," అంది జోజమ్మ. "అది కుట్టదు, కరవదు. చెయ్యి పిసుకుద్ది అంతే. చెయ్యి పిసికించుకోడం మీకేమన్నా కొత్తా?"

ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. ఇక వెళ్ళక తప్పలేదు.

ప్రసన్న ఆయన్ని వీపు ఆనించి కూర్చోబెట్టింది. మఠం వేసుకోబోతే కాళ్ళు కింద పెట్టించింది. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో పెట్టించింది. ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండమంది. మామిడి వ్యాపారికి అంతకంటే కష్టమైన వైద్యం లేదు. మూడో నిమిషంలో ఆయన దగ్గి, అది మాట కింద లెక్కకి రాదు కదా అన్నట్టు చూశాడు.

పట్టీ బిగిసింది, వదిలింది.

"ఎంత పలికింది?"

"నూట అరవై ఎనిమిది మీద నూట రెండు."

శేషగిరిరావు చెయ్యి అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాలు తీసి ప్రసన్న చేతి మీద కప్పబోయింది. "అంత రేటు లేదమ్మాయ్ ఈ సరుక్కి. నూట నలభైకి తెగ్గొట్టు."

"ఇది పాట కాదు బాబాయ్ గారూ!"

"పోనీ మీద రెండు వేసుకో."

ప్రసన్న నవ్వలేదు. "మీ రైతుల తోటల్లో డ్రిప్పు పైపులున్నాయా? మోటారు నీళ్ళు తోసినప్పుడు పైపు మీద పడే ఒత్తిడి పై అంకె. రెండు తోపులకి మధ్య పైపులో మిగిలుండేది కింద అంకె. రెండూ ఎక్కువున్నా పైపుకి నొప్పి తెలియదు. నీళ్ళు బాగానే పారతా ఉంటాయి. ఒకరోజు ఎక్కడో పగులుద్ది. ఒక్కసారి చూసి చెప్పకూడదు, వారం తర్వాత మళ్ళీ చూద్దాం."

సాయంత్రం ఇంటికెళ్ళి శేషగిరిరావు గుమ్మంలోంచే ప్రకటించాడు. "ఏమేవ్! యార్డు మొత్తానికి టాప్ రేటు మనదే. శ్యామ్ సుందర్ నూట ముప్పై దగ్గరే ఆగిపోయాడు, పాపం."

రేవతి పొయ్యి కట్టేసి వచ్చింది. అంకె ఎంతో అడిగి తెలుసుకుంది.

"మామయ్యగారికి అప్పట్లో ఎవరన్నా చూశారా?"

"ఆయనకేం? పోయేదాకా ఒక్కరోజు తలనొప్పి అనలేదు."

"మీరూ అనట్లేదు," అంది రేవతి. "జూన్‌లో మీకు యాభై తొమ్మిది నిండుతాయి."

అప్పటిదాకా టాప్ రేటులా కనిపించిన అంకె, ఒక్కసారిగా కుళ్ళు కాయల గంప మీద రాసిన రేటులా కనిపించింది ఆయనకి.

వారం తర్వాత నూట అరవై నాలుగు మీద వంద. డాక్టరు రక్తం, మూత్రం పరీక్షలు చేయించి, రోజూ పొద్దున ఒక మాత్ర రాశాడు. ఉప్పు తగ్గించమన్నాడు, సాయంత్రం నడవమన్నాడు. రేవతి ఆవకాయ జాడీని అటక మీదకి ఎక్కించింది. నూజివీడు వాడికి ఆవకాయ బంద్ చేస్తే ఆధార్ కార్డు లాక్కున్నట్టే. ఆదివారం ఒక్క ముక్కకి ఒప్పందం కుదిరింది. ముక్క సైజు మీద మాత్రం ప్రతి ఆదివారం బేరం నడిచేది.

నెల తిరిగేసరికి నూట ఇరవై ఆరు మీద ఎనభై.

"తెగింది!" అని శేషగిరిరావు తన అరచెయ్యి తనే చరుచుకున్నాడు. ఆ సాయంత్రమే ప్రసన్నకి ఒక బుట్ట తొలి కాపు బంగినపల్లి పంపాడు. పొరపాటు కూడా ఆ చరుపులోనే జరిగింది. యార్డులో చెయ్యి చరిచాక బేరం మళ్ళీ తెరిచేవాడు మనిషే కాదు. నూట అరవై ఎనిమిది దగ్గర మొదలైంది, నూట ఇరవై ఆరుకి కుదిరింది, ఇంకా రోజూ మాత్ర మింగితే ఏమనుకుంటారు? కుదిరిన రేటు మీద మళ్ళీ గీచులాడినట్టుండదూ? మాత్ర వల్లే అక్కడ నిలబడిందన్న సంగతి ఆయన బుర్రకి తట్టలేదు. బుర్ర నాన్నదని ఆయన ముందే చెప్పాడు కదా.

రేవతికి చెప్పే ధైర్యం మాత్రం లేదు. రోజూ పొద్దున ఆవిడ చేతిలో మాత్ర పెడితే, "టిఫినయ్యాక కొట్లో వేసుకుంటాలే" అని జేబులో వేసుకునేవాడు. పారేద్దామంటే వ్యాపారి ప్రాణం ఒప్పలేదు. కొట్లో గోడకున్న నాన్న ఫోటో వెనక, చెక్క సందులో, ఒక్కొక్కటీ దాచేవాడు. అక్కడైతే భద్రంగా ఉంటాయనుకున్నాడు. ఎవరి ఫోటో వెనక పెడుతున్నాడో ఆలోచించలేదు.

మే నెల వచ్చింది. ఎండ మండిపోతోంది, యార్డంతా వరిగడ్డి వాసన, పండిన రసాల వాసన. ఆరోజు జి. కొండూరు నుంచి రెండు ట్రాక్టర్ల చిన్న రసాలు దిగాయి. జోజమ్మ మనుషులు ఏరి కుప్పలు పోశారు. శ్యామ్ సుందర్ ఒక కాయ తీసి ముచ్చిక దగ్గర వాసన చూసి, ముఖంలో ఏమీ తెలియనివ్వకుండా వచ్చి కూర్చున్నాడు. తువ్వాలుకి నమస్కారం పెట్టాడు. మూడు చేతులూ లోపలికి వెళ్ళాయి.

"మీ పాప కాలేజీ ఎలా ఉందండీ?" అన్నాడు శేషగిరిరావు పైకి.

"బానే ఉందండీ. హాస్టల్లో పప్పు బాలేదంట." కింద శ్యామ్ సుందర్ వేళ్ళు రేటు చెప్పాయి.

శేషగిరిరావు నాన్న మాట కోసం ఆగాడు. మూడో చెయ్యి ఆయన వేలు ఒకటి పట్టుకుంది. తర్వాత అరచెయ్యి, మూడు వేళ్ళు. తర్వాత గోటితో సున్న.

నూట ఎనభై.

రసాలకి ఇదేం లెక్క? ఏ కొలతకీ సరిపోదు. వేళ్ళు కదిలించి, మళ్ళీ చెప్పమన్నట్టు అడిగాడు. చెయ్యి మళ్ళీ నూట ఎనభై చెప్పింది. కాస్త ఆగి ఇంకో అంకె చెప్పింది. ఒకటి, ఒకటి, సున్న.

"పెద్దయ్యగారికి ఇవాళ ఎండ తగిలినట్టుందండీ," అన్నాడు శ్యామ్ సుందర్, తనకీ ఆ అంకెలు తగిలి. "నూట ఎనభై ఏంటి? నూట పది ఏంటి?"

అప్పుడా చెయ్యి, ఇరవై మూడేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యని పని చేసింది. మణికట్టు దాటింది. తువ్వాలు కింద నుంచే పాక్కుంటూ మోచెయ్యి దాటి, శేషగిరిరావు జబ్బ చుట్టూ పట్టుకుని బిగించింది. వదల్లేదు. తువ్వాలు ఆయన జబ్బ చుట్టూ పట్టీలా చుట్టుకుపోయింది.

"నాన్నా, బేరం మధ్యలో ఇదేంటి? వదులు," అన్నాడు శేషగిరిరావు.

కుప్ప దగ్గర కాయలు ఏరుతున్న జోజమ్మ తలెత్తి చూసింది. లేచి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"షావుకారుగారూ, పెద్దయ్యగారు రసాల రేటు చెప్పట్లా. మీ రేటు చెప్తన్నారు. మాత్రేసుకుంటన్నారా?"

"రోజూ వేసుకుంటున్నా జోజమ్మా."

చెయ్యి ఇంకాస్త బిగిసింది.

"అంటే... ఎక్కువ రోజులు వేసుకున్నా."

ఇంకాస్త.

"మొన్నటిదాకా వేసుకున్నా!"

"అబ్బా, చెయ్యి ఇరిగిపోద్ది, నిజం చెప్పండయ్యా," అంది జోజమ్మ.

"ఫోటో వెనకున్నాయి," అన్నాడు శేషగిరిరావు, చిన్నపిల్లాడిలా.

జోజమ్మ కొట్లోకి వెళ్ళి నాగభూషణం గారి ఫోటో కాస్త పక్కకి జరిపింది. తెల్ల మాత్రలు టపటపా రాలాయి. ఆవిడ కాయలు లెక్కపెట్టినట్టే చేత్తో ఏరింది. "పంతొమ్మిది. అన్నీ ఒకే సైజు," అంది. "ఈటిని మాగబెడతన్నారా ఏంటి?"

శ్యామ్ సుందర్ రేటు సంగతి మర్చిపోయి ఆటో పిలిచాడు. చెయ్యి ఆసుపత్రి గుమ్మం దాకా జబ్బ వదల్లేదు. ప్రసన్న దాన్ని చూసి, "పెద్దయ్యగారూ, ఒక్క నిమిషం, పట్టీ వేసుకోవాలి" అంటే మర్యాదగా కిందకి జారింది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూసింది. నూట ఎనభై మీద నూట పది. రెండోసారి చూసినా అంతే.

డాక్టరు గుండెకి ఈసీజీ తీయించాడు. చూపు మసకబారిందా, మాట తడబడుతోందా, చెయ్యి కాలు పట్టు తప్పుతున్నాయా, గుండెల్లో నొప్పుందా అని అడిగాడు. అన్నిటికీ లేదు, లేదు, లేదు.

"ఏమీ లేకపోతే మరి ఇంత ఎలా ఉందండీ?" అన్నాడు శేషగిరిరావు.

"అదే దీని పద్ధతి బాబాయ్ గారూ," అంది ప్రసన్న. "చెప్పి రాదు. మీకు నూట ఇరవై ఆరు వచ్చింది మాత్ర వేసుకోబట్టి. మానేస్తే తిరిగి తన రేటుకి తను వెళ్ళిపోద్ది. ఇది చెయ్యి చరిచే బేరం కాదు. రోజూ కూర్చోవాల్సిందే."

"నాన్నకి కూడా ఇలాగే..."

"అయ్యుండొచ్చు," అన్నాడు డాక్టరు మెల్లగా. "అప్పుడు చూసినవాళ్ళు లేరు. ఇవాళ మీకున్నారు."

ఆటోలో తిరిగి వస్తుంటే ఆయన ఒక్క జోకు కూడా వెయ్యలేదు. ఒళ్ళో ఉన్న తువ్వాలు కింద చెయ్యి పెట్టి, నాన్న చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఆ చెయ్యి రేట్ల కోసమే మిగిలిందనుకున్నాడు. ముసలి వేళ్ళు, కాయలు కాసిన అరచెయ్యి. ఊరికే పట్టుకుని చూడటం ఇదే మొదలు.

ఇంటి దగ్గర రేవతికి పంతొమ్మిది మాత్రలూ చేతిలో పోసి, జరిగిందంతా చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. అటక మీది జాడీని ఇంకో మూర లోపలికి జరిపింది. ఆదివారం ముక్క ఒప్పందం రద్దయింది. తిట్టుంటేనే బాగుండేదనుకున్నాడు ఆయన.

మర్నాడు పొద్దున, ఎదురుగా నిలబడి మాత్ర మింగించి, నోరు తెరవమని చూసి, రేవతి కుర్చీ లాక్కుని కూర్చుంది. కొంగు భుజం నిండా కప్పుకుంది. "ఆ తువ్వాలు పరవండి."

"నీకెందుకు?"

"మామయ్యగారు మీకు చెబితే మీరు నాకు అబద్ధం చెబుతారు. నాకే చెప్పమనండి."

మామిడి వ్యాపారుల ఇళ్ళలో ఆడవాళ్ళు తువ్వాలు కింద చెయ్యి పెట్టరు. రేవతి పెట్టింది. మూడో చెయ్యి ముందు ఒక క్షణం వెనక్కి తగ్గింది, కోడలు గదిలోకి వస్తే మామగారు లేచి నిలబడినట్టు. తర్వాత ఆవిడ వేళ్ళు జాగ్రత్తగా ఒక్కొక్కటీ పట్టుకుని చెప్పింది. ముప్పై ఏళ్ళు మొగుడు ఇంట్లో వేళ్ళతో లెక్కలేసుకోవడం చూసిన ఆడదానికి ఆ అంకెలు ఒకరు నేర్పక్కర్లేదు.

"నూట డెబ్బై నాలుగు. నూట ఆరు," అంది రేవతి. ఆఖర్న చెయ్యి ఆవిడ చిటికెన వేలు పట్టుకుని మెల్లగా వదిలేసింది. "ఇదేంటి?"

"రేపు చూద్దాం అని," అన్నాడు శేషగిరిరావు.

అప్పట్నుంచీ రోజూ కాఫీకి ముందు అదొక పని. నూట అరవై ఆరు. నూట యాభై ఎనిమిది. డాక్టరు ఒక మాత్ర మార్చాడు. నూట నలభై నాలుగు. బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు, రేటు పెంచడమే పనిగా పెట్టుకున్న చెయ్యి, పొద్దునపూట కోడలి దగ్గర కూర్చుని అంకెలు దించుతోంది. వారం వారం ప్రసన్న మిషన్ పెట్టి చూసేది. పెద్దయ్యగారి లెక్కకీ మిషన్ లెక్కకీ రెండు మూడు అంకెల కంటే తేడా ఉండేది కాదు. ఆవిడ రిజిస్టరులో పక్కపక్కనే రెండూ రాసుకునేది.

యార్డులో మాత్రం ఆ చెయ్యి ఏమీ మారలేదు. శ్యామ్ సుందర్‌ని అంతకు ముందులాగే పిండుతోంది.

జూన్ వచ్చింది. కాపు అయిపోయి, కలెక్టరు రకం కాయలు పచ్చళ్ళకీ జ్యూసుకీ వెళ్ళిపోయి, యార్డు ఖాళీ అయింది. శేషగిరిరావుకి యాభై తొమ్మిది నిండాయి. రేవతి పాయసం చేసింది. ఆరోజు నుంచి ఆవిడ మాట తగ్గించింది. ఎందుకో ఆయనకి తెలుసు, అడగలేదు. ఒకరోజు గడిచింది. రెండు, మూడు. నాలుగో రోజు, మామగారి వయసు ఆగిపోయిన రోజున, ఆవిడ ఆయన్ని కొట్టుకి వెళ్ళనివ్వలేదు. ఆయన రోజంతా వాకిట్లో కూర్చుని, పాత పేపర్లు చదివి, పక్కింటివాళ్ళ మేకకి సలహాలు చెప్పాడు.

ఐదో రోజు తెల్లారింది. తొలకరి జల్లు పడి మట్టి వాసన వస్తోంది. రేవతి ఆయన కంటే ముందే లేచి కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన మాత్ర మింగి, అడక్కుండానే నోరు తెరిచి చూపించాడు. తువ్వాలు పరిచాడు.

మూడు చేతులూ కిందకి వెళ్ళాయి. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ఎంత?" అన్నాడు శేషగిరిరావు.

"నూట ఇరవై ఎనిమిది. ఎనభై రెండు."

"తెగిందా మరి?" అన్నాడు, అరచెయ్యి చాపి.

చెయ్యి ఆయన అరచెయ్యి చరచలేదు. ఆయన చిటికెన వేలు పట్టుకుంది. తర్వాత రేవతి చిటికెన వేలూ పట్టుకుంది. రెండూ కలిపి కాసేపు ఉంచి, మెల్లగా వదిలింది.

రేవతి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. అటక కింద స్టూలు వేసుకుని ఎక్కి, జాడీ దింపింది. ఆ మధ్యాహ్నం ఆయన కంచంలో ఒక్క ముక్క పడింది, చిన్నది. ఆయన దాని సైజు మీద నోరు తెరవబోయి, మూసుకుని, అన్నం కలుపుకున్నాడు. ఇరవై మూడేళ్ళ కింద ఆ కొట్టు ముందు రాకుండా ఆగిపోయిన 'రేపు', ఇప్పుడు రోజూ పొద్దున్నే వాళ్ళ వాకిట్లోకి వస్తోంది.